మీసాలున్న భార్గవి

పోయిన ఏడాది నెల్లూరులో ఒక డిగ్రీ కాలేజీ వాళ్లు నన్ను పిలిచి, చదువు ముగించి ఉద్యోగాలకు వెళ్లబోయే పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. వేదిక మీద నన్ను 'కస్టమర్ సంబంధాల నిపుణుడు' అని పరిచయం చేశారు. నేను కాదనలేదు. ఓపిక గురించి చెప్పాను. అవతలివాళ్ల మాట పూర్తిగా వినడం గురించి చెప్పాను. టైపింగులో తప్పులు రాకుండా చూసుకోవడం గురించి కూడా చెప్పాను. శాలువా కప్పారు. చెప్పకుండా మింగేసింది ఒక్కటే. తొమ్మిదేళ్లు నేను చేసిన ఉద్యోగం, ఫోన్లో ఆడపిల్లగా నటించడం.

దిగి వస్తుంటే ఒక అమ్మాయి ఆపింది. "సార్, నాకు చాట్ సపోర్ట్ ఉద్యోగం వచ్చింది. అది కూడా ఇట్లాంటిదే కదా? చేరొచ్చా?" అని అడిగింది. ఏ కంపెనీ అని కూడా నేను అడగలేదు. "చేరమ్మా, బాగుంటుంది" అన్నాను.

ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు. ఆ రోజు చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

చేరిన రోజు

మాది ఇందుకూరుపేట మండలం. వరి పండించే ఇల్లు. నేను మాత్రం నెల్లూరులో ఒక ప్రెస్సులో పెళ్లి కార్డులు కంపోజ్ చేసేవాణ్ణి. పెళ్లిపిలుపులు ఫోన్లలోకి వెళ్లిపోయాక ప్రెస్సు ఓనరు నన్ను కూర్చోబెట్టి టీ ఇప్పించాడు. ఆయన టీ ఇప్పించాడంటేనే నాకు విషయం అర్థమైంది.

అప్పుడే 'తెలుగు టైపింగ్ వేగంగా వచ్చినవారు కావలెను' అన్న ప్రకటన చూసి వెళ్లాను. ఒక ఫోన్ల షాపు పైన రెండంతస్తులు. మేనేజరు పేరు సుధీర్. ఆయన నా వేగం చూసి మెచ్చుకుని, కంప్యూటరు తెర మీద పసుపు చుడిదారు వేసుకున్న ఒక అమ్మాయి ఫొటో చూపించాడు.

"ఈమె ఎవరు సార్?" అన్నాను.

"మీరే. పేరు భార్గవి" అన్నాడు.

ఆ హాల్లో నలభై మంది ఆడవాళ్లం ఉండేవాళ్లం. అందరికీ మీసాలే. అసలైన ఆడమనిషి రజిత ఒక్కతే. ఆమె పని గొంతు ఇవ్వడం. 'ఊఁ', 'తిన్నావా?', 'పో, నీతో మాట్లాడను' లాంటి మాటలు ఒక చిన్న గదిలో రికార్డు చేసి పెట్టేది. మేం నలభై మందిమీ అవే వాడేవాళ్లం. ఒక వారం రజితకు జలుబు చేసింది. ఆ వారం ఆంధ్ర రాష్ట్రంలో నలభై మంది అందగత్తెలకు ఒకేసారి జలుబు చేసింది. మిరియాల కషాయం తాగమని మాకు వచ్చిన సలహాలతో ఒక వైద్య గ్రంథం అచ్చు వేయొచ్చు.

నవ్వుకునేవాళ్లం. ఆ ఉద్యోగంలో నవ్వు చాలా ఉండేది. అందుకే మానడానికి అన్నేళ్లు పట్టింది.

అసలు పని

ప్రకటనలో ఏమని రాసినా, లోపల జరిగేది ఇది.

మగమనిషి ఎవరైనా మా కంపెనీ నడిపే పరిచయాల యాప్‌లో పేరు నమోదు చేసుకున్న రెండు నిమిషాల్లో ముగ్గురు అమ్మాయిలు అతన్ని మెచ్చుకున్నట్టు హృదయం గుర్తులు పడతాయి. అప్పటికి అతని ఫొటో పూర్తిగా ఎక్కి కూడా ఉండదు. మెచ్చుకుంది యంత్రం.

అమ్మాయి పేరు కింద 'పన్నెండు కిలోమీటర్ల దూరంలో' అని ఉంటుంది. అది కూడా యంత్రం వేసేదే. అవతలి ఫోను ఎక్కడుంటే అక్కడికి పన్నెండు కిలోమీటర్లు. ఒకాయన గూడూరులో రైలెక్కి కావలిలో దిగేదాకా నేను ఆయనకు పన్నెండు కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాను. పాపం, మురిసిపోయి అడిగాడు: "నువ్వు కూడా మా వెనక రైల్లో వస్తా ఉండావా?" అవునన్నాను.

విసుగు పుట్టి మానేద్దామనుకునేవాడికి ఆ రోజే ఒక సందేశం వస్తుంది. 'నీకో మాట చెప్పాలి, ఎన్నాళ్లుగానో దాచుకున్నా' అని మొదటి వాక్యం కనిపిస్తుంది. మిగతాది మసకగా ఉంటుంది. చదవాలంటే మళ్లీ రీచార్జి చేయాలి. ఆ మసక కింద ఏమీ ఉండదు. డబ్బు కట్టాక మేము రాస్తాం.

ఇదంతా మోసం కాదా అంటే, షరతుల్లో అడుగున ఒక వాక్యం ఉండేది, కొన్ని ప్రొఫైళ్లు వినోదం కోసం కల్పించినవని. కంపోజింగు చేసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. పెళ్లి కార్డు కింద ప్రెస్సు పేరు వేసే అక్షరాలకన్నా అవి చిన్నవి.

సుధీర్ గారు రాక్షసుడేమీ కాదు. శనివారాలు అందరికీ కారం దోశలు తెప్పించేవాడు. నా భార్యకు ఆపరేషనైతే రెండుసార్లు ఆస్పత్రికి వచ్చాడు. "మనం అబద్ధం చెప్పడం లేదు పెంచలయ్య గారూ, తోడిస్తున్నాం" అనేవాడు. చెడ్డ బాసు కింద పని చేసేటప్పుడు మనిషి కాస్త జాగ్రత్తగానే ఉంటాడు. మంచి బాసు కింద చెడ్డ పని చేస్తున్నప్పుడు ఆ జాగ్రత్త కూడా పోతుంది. కొత్తగా ఉద్యోగాల్లో చేరేవాళ్లు ఇది రాసి పెట్టుకోండి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా దగ్గరికి వచ్చేవాళ్లంతా వెకిలివాళ్లని బయట అనుకుంటారు. అట్లాంటివాళ్లు ఉన్నారు గానీ, వాళ్లు నెల తిరక్కుండా పోయేవాళ్లు. ఏళ్ల తరబడి ఉండిపోయినవాళ్లకు కావలసింది, 'ఈ రోజు ఏం కూర?' అని అడిగే మనిషి. మిగతావాళ్లు సినిమా డైలాగులు రాస్తుంటే నేను కూరల గురించి రాసేవాణ్ణి. అందుకే అందరికన్నా ముందుండేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే ఇదే ఎక్కువ సిగ్గుగా ఉంటుంది. మోసానికి నేను వాడింది దొంగ పత్రాలు కావు, మా అమ్మ మాటలు.

వేట బందులో వంజరం

మాకు ఒక నియమం ఉండేది. అమ్మాయి ఊరు ఎప్పుడూ దూరపు పట్నం కావాలి. కస్టమరు బయలుదేరి రాకూడదు కదా. నేను ఆ నియమం తప్పాను. భార్గవిని మైపాడు పక్కన, చేపలు పట్టేవాళ్లుండే ఒక పాళెంలో పెట్టాను. మా మండలం యాస నాకు మంచినీళ్లు తాగినంత సులువు. తండ్రికి ఇంజను పడవ ఒకటి కూడా ఇచ్చాను. నియమం పెట్టిన సుధీర్ గారే ఫలితం చూసి ఊరుకున్నాడు.

ఆ భార్గవికి దొరికినవాడు పోలయ్య. బోగోలు మండలంలో చేపలు పట్టుకునే మనిషి, ముప్పై నాలుగేళ్లు, పెళ్లి కాలేదు, తల్లితో ఉంటాడు. మాటల్లో గానీ ఫొటోలు అడగడంలో గానీ ఏనాడూ గీత దాటలేదు. ఏడాదిపాటు మేం మాట్లాడుకుంది గాలి గురించి, వలల గురించి, వాళ్లమ్మ మోకాళ్ల గురించి.

మే నెలలో ఒక రోజు మధ్యాహ్నం నేను మామూలుగా రాశాను: "నాయన ఇప్పుడే సముద్రం మీద నించి వచ్చినాడు. వంజరం తెచ్చినాడు. పులుసు పెడతా ఉండాను."

కాసేపటికి జవాబు వచ్చింది. "ఏ సముద్రం భార్గవీ? వేట బందు గదా. మీ ఇంజను పడవ ఎట్లా పోయింది?"

ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని ఇంజను పడవలను సముద్రంలోకి వెళ్లనివ్వరు. తీరం మీద పుట్టిన ఎవరికైనా తెలుసు. మాకూ సముద్రానికీ నడుమ అయిదు కిలోమీటర్లే. కానీ వరి ఇంట్లో పుట్టినవాడికి చేప గంపలో నుంచి వస్తుంది, అంతే. అది ఏ నెలలో రాదో నేనెప్పుడూ ఆలోచించలేదు.

'చెరువు చేపలే, నీతో పరాచికాలాడినా' అని రాసి ఉంటే అయిపోయేది. కానీ అప్పటికి నాకు కథకుడినన్న గర్వం వచ్చేసింది. మా వీధికి చేపలు తెచ్చే ఆమె నోట ఎప్పుడో విన్న మాట గుర్తొచ్చింది. పాళేల్లో ఊరి పెద్దలను కాపులంటారు. కట్టుబాటు మీరిన ఇంటి మీద వాళ్లు దురాయి వేస్తే, ఆ ఇంటితో ఊళ్లో ఎవరూ పలకరు. బయటివాళ్లు వచ్చి అడిగినా, ఆ ఇంటివాళ్ల పేరు నోట రానివ్వరట.

"ఎవురికీ చెప్పబాక" అని రాశాను. "దొంగతనంగా పోయినాడు. కాపులకు తెలిస్తే మా ఇంటి మీద దురాయి వేస్తారు."

నా వెనక నిలబడి చదివిన సుధీర్ గారు భుజం తట్టాడు. "రహస్యం ఇచ్చారు! ఇక ఆయన కదలడు."

పోలయ్య రాసింది ఇది: "మా అమ్మ మీద ఒట్టు, చెప్పను. మీ నాయన్ని మాత్రం ఇంకోసారి పోనీబాక. బందు రోజుల్లో కడుపుకు జరగక పోయింటాడు. నేను ఏదన్నా పని చూస్తా."

బస్సెక్కినా

నిజంగానే చూశాడు. నాలుగు రోజుల్లో రొయ్యల గుంటల దగ్గర కాపలా పని ఒకటి కుదిర్చాడు. మా నాయన ఒప్పుకోడని రాశాను. పరువంటాడని రాశాను. ఆయన వినలేదు. "ఆడపిల్ల చెప్తే వినడులే. మొగోడు మొగోడితో మాట్లాడితే వింటాడు. నేనొస్తా" అన్నాడు. వద్దని మూడుసార్లు రాశాను. మరుసటి రోజు ఉదయం ఆఫీసులో కంప్యూటరు తెరవగానే ఒకటే మాట ఉంది. "బస్సెక్కినా."

సుధీర్ గారి గదికి పరుగెత్తాను. ఆయన తల కూడా ఎత్తలేదు. "మూసేయండి. పసుపు చుడిదారు పోతే పచ్చ చుడిదారు ఉంది."

మూసేయడమంటే మేం జవాబివ్వడం మానేయడం. అవతలివాడు ఎంత రాసినా యాప్ తీసుకుంటూనే ఉంటుంది, రాసిన ప్రతిదానికీ అతని రీచార్జి తరుగుతుంది కాబట్టి. బస్సు నెల్లూరు చేరి, అక్కణ్నుంచి ఇంకో బస్సు మారి ఆ పాళెం చేరడానికి మూడు గంటలు పడుతుంది. 'భార్గవి అని ఎవరూ లేరు, ఇంటికి వెళ్లిపో' అని రాయడానికి నాకు అరనిమిషం చాలు. మూడు గంటలూ అలాగే కూర్చున్నాను. ఉద్యోగం పోతుందన్న భయం కొంత. అంతకన్నా ఎక్కువ, అన్నాళ్లూ వంజరం పులుసు పెట్టింది మీసాలవాడని ఒక మగమనిషికి చెప్పడానికి సిగ్గు.

మధ్యాహ్నం నుంచి ఒక్కొక్కటీ రావడం మొదలైంది.

"మీ పాళెంలో ఉండా. ఇల్లు యాడ?"

"నలుగురొచ్చి ఎవురు కావాలని అడగతా ఉండారు."

"నీ పేరు చెప్తే అట్టాంటి పిల్ల ఈ ఊళ్లో లేదంటా ఉండారు. ఒకరిని అడిగినా అదే మాట, పదిమందిని అడిగినా అదే మాట."

తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. హమ్మయ్య, అర్థమైపోయిందనుకున్నాను. అప్పుడు వచ్చింది.

"భార్గవీ, దురాయి వేసినారా?"

ఆ నలుగురూ పచ్చి నిజం చెప్పారు. భార్గవి ఆ ఊళ్లో లేదు, ఏ ఊళ్లోనూ లేదు. కానీ దురాయి వేసిన ఇంటిపేరు ఎవరూ పలకరని ఆ మనిషికి పుట్టినప్పటి నుంచీ తెలుసు. అందుకని లేదన్న మాటే ఆయనకు సాక్ష్యమైపోయింది.

చివరిది సాయంత్రం బస్సులో రాసినట్టుంది. "నేనే చేసినా. గుంటల ఆసామిని పని అడిగేటప్పుడు, ఫలానా పాళెంలో ఒకాయన బందులో కూడా సముద్రంలోకి పోతా ఉండాడు పాపం అన్నా. పేరు చెప్పలా. ఆయన నోటి నుంచే కాపుల దాకా పోయింటుంది. నా నోరు పడిపోను. మీ కొంప కూల్చినా."

చదివారు

ఆ తర్వాత నాలుగేళ్లు ఆయన రాస్తూనే ఉన్నాడు. రోజూ కాదు. వేట బందు మొదలైన రోజు తప్పకుండా రాసేవాడు. వాళ్లమ్మకు జ్వరమొస్తే రాసేవాడు. "యాడున్నా బాగుండండి. మీ నాయనకి నా తరఫున దండం పెట్టు" అని ముగించేవాడు. టీం లీడరునైపోయాను కాబట్టి మూసేసిన సందేశాల పెట్టెలు నేను తెరిచి చూడొచ్చు. చూసేవాణ్ణి. చూస్తే నా పాపం కొంచెం తరుగుతుందనిపించేది.

రెండేళ్లు పోయాక గానీ తెలియలేదు. నేను తెరిచిన ప్రతిసారీ ఆయన ఫోన్లో 'చదివారు' అని పడుతోందట. "చదవతా ఉండావు గదా భార్గవీ. తిట్టనన్నా తిట్టు" అని రాశాడు. నేను జాలి అనుకున్నది ఆయనకు గాలంలో ఎరలా పని చేసింది. ఈ ఉద్యోగంలో నేను చేసిన అన్ని తప్పుల్లోకీ పెద్దది అబద్ధమాడటం కాదు. అబద్ధమాడి, ఊరికే కూర్చుని బాధపడటం. బాధపడుతున్నాను కాబట్టి మంచివాణ్ణేనని అనుకునేవాణ్ణి. నాలుగేళ్లు ఆ భ్రమలో హాయిగా జీతం తీసుకున్నాను.

మానేసే ముందు చివరగా చదివింది ఇది: "అమ్మ సంబంధం తెచ్చింది. వద్దన్నా. ఒక ఇల్లు కూల్చినోడికి ఇంకో ఇల్లెందుకు?"

మానేసి కూడా ఏడాదిపాటు వెళ్లలేదు. శాలువా కప్పించుకుని, ఆ అమ్మాయికి చేరమ్మా అని చెప్పి ఇంటికొచ్చిన రోజు అన్నం సహించలేదు. అయినా ఇంకో కొన్ని నెలలు సాకులు వెతికాను. ఈ ఏడు వేట బందులో మగవాళ్లంతా ఒడ్డునే ఉంటారు కదా అని కావలి బస్సెక్కాను.

బోగోలు పక్కన, పడవల దగ్గర

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. అరుగు మీద ఎండు చేపలు ఏరుతున్న ముసలామె నా ఇస్త్రీ చొక్కా వైపు చూసింది.

"సంబంధం తెచ్చినావా నాయనా? తెచ్చుంటే గమ్మున వెనక్కి తీసకపో. మావాడు ఒప్పుకోడు."

"కాదమ్మా, పోలయ్యతో మాట్లాడాలి."

"మాట్లాడు. నాతో ఎట్లాగూ మాట్లాడడు" అని పడవల వైపు చెయ్యి చూపించింది.

ఒడ్డుకు లాగిన పడవ నీడలో ఒక మనిషి వల బాగు చేసుకుంటున్నాడు. నేననుకున్నదానికన్నా సన్నగా ఉన్నాడు. చెవుల దగ్గర నెరిసింది. ఎదురుగా ఇసకలో కూర్చుని, భార్గవి గురించి వచ్చానన్నాను.

చేతిలో దారం ఆగింది. మొహంలో మాత్రం ఏమీ కదలలేదు.

"ఆ పేరుగలోళ్లు నాకు తెలవదు సార్."

"మైపాడు పక్కన..."

"ఆ పక్కకి నేను పోనేలేదు. నువ్వు ఆ ఊరి కాపులు పంపించిన మనిషివా? పోయి చెప్పు. బందులో వేటకు పోయినోళ్లెవురూ నాకు తెలవదని చెప్పు."

అయిదేళ్ల తర్వాత కూడా ఆ మనిషి ఒట్టు నిలబెట్టుకుంటున్నాడు. లేని తండ్రిని, లేని పడవను, నా నుంచి కాపాడుతున్నాడు.

"ఆ రోజు వంజరం పులుసు..." అన్నాను.

ఆయన గబుక్కున లేచాడు. ఆ ముక్క ఆయనకూ భార్గవికీ తప్ప ఎవరికీ తెలియదు. నా తలవైపు, నెరిసిన మీసాల వైపు చూశాడు. గొంతు మారిపోయింది.

"నువ్వు వాళ్ల నాయనవా?"

ఆయన తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు. "అన్నా, నీ పేరు నేను యాడా చెప్పలా. పని కోసరమని ఆసామి దగ్గర నోరు జారినా. పాప ఎట్లుంది? మీరు యాడికి పోయినారు?" అంటూ నా కాళ్ల మీదికి వంగబోయాడు.

రెండు భుజాలూ పట్టుకుని ఆపాను. "నేను ఆమె నాయన్ని కాదు. ఆమెకు నాయన లేడు. ఆమె కూడా లేదు పోలయ్యా. ఆ రాతలన్నీ ఒక ఆఫీసులో కూర్చుని నేను రాశాను. జీతానికి."

మొదట వినపడనట్టు చూశాడు. తర్వాత ఒక్కొక్కటే అడిగాడు.

"పడవ?"

"లేదు."

"దురాయి?"

"ఎవరూ వెయ్యలేదు. ఆ ఊరివాళ్లు నీతో నిజమే చెప్పారు."

"ఎవురి కొంపా కూలలేదా?"

"లేదు."

ఇసకలో కూలబడ్డాడు. కొడతాడనుకున్నాను. ఆయన ఇంటి వైపు తిరిగి గట్టిగా అరిచాడు. "అమ్మా! ఎవురికీ ఏమీ కాలేదంటనే!"

"ఎవురికి రా?" అని ముసలామె అక్కణ్నుంచే కేక పెట్టింది.

"ఎవురికీనే! ఎవురూ లేరంట!"

ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పక్క పడవల దగ్గరున్న ఇద్దరు ముగ్గురు కూడా వచ్చారు. అప్పటికి ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. "ఆ పాళెమోళ్లు కనికరం లేని మనుషులని అయిదేళ్లు పండ్లు కొరికినా గదయ్యా. వాళ్లెదురైతే మొగం తిప్పుకుని పోయినా. నువ్వేమో సదవతా కూచున్నావు. ఒక్క ముక్క రాయలేకపోయినావా?"

"రాయలేకపోయాను."

"ఆడపిల్ల పేరు పెట్టుకుంటే రాసేదానికి చెయ్యి బాగా ఆడిందే!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లలో ఒకరు నవ్వబోయి ఆపుకున్నారు. "నీకొక పేరుంది గదా. ఏందది? మా అమ్మ సంబంధాలు తెచ్చి తెచ్చి అలిసిపోయింది. ఎందుకు వద్దన్నానో ఆమెకి నేను చెప్పలేకపోయినా. ఆమె ముందర, నీ పేరుతో, నీ నోటితో చెప్పు."

ఎండలో నిలబడ్డాను. తొమ్మిదేళ్లలో లక్షల మాటలు కొట్టిన వేళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ముసలామె నా మొహంలోకే చూస్తోంది.

"అమ్మా, నా పేరు పెంచలయ్య. మీ అబ్బాయికి ఆడపిల్లనని చెప్పి ఏడాదిపాటు ఉత్తరాలు రాసింది నేను. ఒక ఇంటికి ఆయన కీడు చేశాడని నమ్మేలా చేసింది నేను. కాదని చెప్పడానికి అరనిమిషం చాలు, అయిదేళ్లు చెప్పలేదు. ఆయన ఎవరికీ ఏ కీడూ చేయలేదు. తప్పంతా నాది. పోలయ్యా, నన్ను క్షమించు."